రంగున్న పిట్టకి గొంతు ఉండదా? ప్రాజెక్టు మొదలెట్టి ఇరుక్కుపోయాను

సీతమ్మధార_పిల్ల
ఎమ్మెస్సీ జువాలజీ, చివరి సంవత్సరం. ప్రాజెక్టుకి పక్షుల పాటలు, పక్షుల రంగులు తీసుకున్నాను. అదీ మన ఊరి వరకూ కాదు, ప్రపంచం మొత్తానికి. భూమధ్యరేఖ దగ్గర పక్షులకి రంగులు ఎక్కువా? చలిదేశాల పక్షులు బాగా పాడతాయా? అన్నిటికన్నా ముఖ్యంగా, రంగు బాగా వచ్చిన జాతికి పాట తగ్గుతుందా? ఈ చివరిది డార్విన్ 1871లోనే రాశాడు. బాగా పాడేవాటికి ధగధగలాడే రంగులు అరుదనీ, ఒకటి ఉన్నచోట రెండోది ఉండదన్నట్టు కనిపిస్తోందనీ. నెమలిని చూస్తే నిజమే, కోకిలని విన్నా నిజమే అనిపిస్తుంది.

మా గైడ్ "డేటా అంతా నెట్‌లో ఉంది, డౌన్‌లోడ్ చేసి గ్రాఫ్ గీసేయ్, ఎంతసేపు" అన్నారు. తీరా కూర్చుంటే, అందరూ పక్షుల రికార్డింగులు పెట్టే జెనో-కాంటో సైట్‌లో ఇంగ్లండ్, హాలండ్ పక్షులవి కుప్పలు తెప్పలుగా ఉన్నాయి, మన తూర్పు కనుమలవి వెతికి వెతికి పట్టుకోవాలి. దొరికినవాటిలో కూడా కొన్నిట్లో పిట్ట కన్నా లారీ హారనే గట్టిగా వినిపిస్తోంది. రంగుకైతే ఏం కొలవాలో అసలే తెలీదు. ఫొటోలా? పుస్తకాల్లో బొమ్మలా? వైజాగ్ పక్కన కంబాలకొండ అడవికి వెళ్ళి నేనే రికార్డ్ చేసుకుంటే దీనికేమైనా పనికొస్తుందా, టైమ్ వేస్టా? పిట్టల చదువుకి ఉద్యోగం ఏం వస్తుందని ఇంట్లో ఇప్పటికే టెన్షన్ పెడుతున్నారు, దయచేసి ఆ ఒక్కటి తప్ప ఏదైనా చెప్పండి.

అప్పికొండ_అప్పారావు
నాకు రంగూ లేదు, గొంతూ లేదు. నన్ను గ్రాఫులో ఎక్కడ పెడతావమ్మా?

గాజువాక_గిరి
కాకి పక్కన.

పోనీ జోక్ వదిలేద్దాం. కాకికి రంగూ లేదు పాటా లేదు కదా. ఒకటి లేకపోతే రెండోది వస్తుందన్న లెక్క అక్కడే పోయింది. మళ్ళీ దీనికి ప్రపంచమంతా తిరగడం ఎందుకు?

జువాలజీ_మేడం
గిరి గారూ, వర్గీకరణ ప్రకారం కాకి పాటపిట్టల గుంపులోదే, కోకిల కాదు. నవ్వొచ్చినా అదే నిజం. పాటపిట్టలు పిల్లప్పుడు పెద్దవాటిని విని పాట నేర్చుకుంటాయి, ఆ పనికి మెదడులో వేరే ఏర్పాటే ఉంటుంది. కోకిలకి అది లేదు. కాకి గూట్లో గుడ్డు పగిలి, కాకి పెట్టింది తిని పెరిగి, పెద్దయ్యాక కోకిలలాగే కూస్తుంది. నేర్చుకునేదైతే కావు కావు అనాలి.

నెమలి, కోకిల, కాకి, ఈ మూడిటినీ ఒకే వరసలో నిలబెట్టి డార్విన్ ఒప్పా తప్పా అని తేల్చడం కుదరదు. మూడిటికీ గొంతు తయారైన చరిత్రలే వేరు. అమ్మాయ్, నీ మొదటి చిక్కు ఇదే, డేటా తక్కువ కావడం కాదు.

కొండకర్ల_బాబాయ్
రెండూ ఉన్నవి కావాలా? వంగపండు పిట్టని ఒక్కసారి చూడమ్మా. మగదానికి ఒళ్ళంతా పసుపు, కంటి దగ్గర నల్లగీత, గొంతు చూస్తే పిల్లనగ్రోవి. తేనెపిట్ట మగది సంతానం కనే కాలంలో నీలం ఊదా కలిసి మెరుస్తూ మామిడి కొమ్మ చివర కూర్చుని గుక్క తిప్పుకోకుండా పాడుతుంది. నలుపూ తెలుపే ఉన్న పెద్ద నల్లంచి ఇంకా బాగా పాడుతుంది, ఒప్పుకుంటాను.

ఇక రంగులుండి పాట లేనిది కావాలంటే పొన్నంగి పిట్ట. ఎండాకాలం చివర, తొలకరికి ముందు కంబాలకొండలో దిగుతుంది. పొదల కింద ఎండుటాకుల మీద నడుస్తుంది, ముక్కుతో ఆకుని తిప్పి పక్కకి విసిరి కింద పురుగు లాగుతుంది. పైన ఆకుపచ్చ, భుజం మీద నీలం మచ్చ, పొట్ట లేత గోధుమ, తోక కింద కుంకుమ. కంటి మీదుగా నల్లపట్టీ. దగ్గరనుంచి చూస్తే ఇన్ని రంగులు ఎవరు పూసారా అనిపిస్తుంది. కూత మాత్రం రెండే ముక్కలు. తల వెనక్కి వాల్చి ఈల వేసినట్టు అంటుంది, ఆగుతుంది, మళ్ళీ అదే. పొద్దున్నా సాయంత్రమూ అంతే.

సీతమ్మధార_పిల్ల
చూశారా! పొన్నంగి డార్విన్ చెప్పినట్టే ఉంది కదా బాబాయ్ గారూ. దాన్ని మొదటి పేజీలో పెట్టేస్తాను.

జువాలజీ_మేడం
పెట్టకు. పొన్నంగి కూడా పాట నేర్చుకునే గుంపులోది కాదు. కొమ్మల మీద వాలే పక్షుల్లోనే రెండు శాఖలున్నాయి. ఒకదానిలో నేర్చుకునేవి, రెండోదానిలో దాదాపు అన్నీ పుట్టుకతోనే కూత తెచ్చుకునేవి. రెండో శాఖ ఎక్కువగా దక్షిణ అమెరికాలో ఉంది, మనవైపు పొన్నంగీ దాని చుట్టాలూ మాత్రమే. దానికి రెండు ముక్కల పాటే ఉండటానికి కారణం రంగులు కావాలని పాట వదులుకోవడం కాదు, వంశం.

కోడ్_రాజు
మేడం చెప్పిందే లెక్కల్లో చెప్తాను. తేనెపిట్టల కుటుంబంలో వందకు పైగా జాతులున్నాయి, వాటిలో చాలావాటికి మగవి తళతళలాడతాయి. వాటన్నిటినీ గ్రాఫులో వందకు పైగా చుక్కలుగా పెట్టావనుకో, వంద సాక్ష్యాలు దొరికాయని కంప్యూటర్ అనుకుంటుంది. దొరికింది ఒక్కటే, ఆ మెరుపు వాటి పూర్వీకుడిది. గాజువాకలో అన్నదమ్ములు నలుగురికీ బట్టతల ఉంటే అక్కడి నీళ్ళకి జుట్టు రాలుతుందని నలుగురు సాక్షులు దొరికినట్టు కాదు కదా, వాళ్ళ నాన్నకీ బట్టతలే.

ఈ సంగతి ఫెల్సెన్‌స్టైన్ అనే శాస్త్రవేత్త 1985లో రాసి దారి కూడా చూపించాడు. ఇప్పుడు వంశవృక్షం తయారుగా దొరుకుతుంది, 2012లో వచ్చినది, 9,993 జాతులు, బర్డ్‌ట్రీ సైట్‌లో ఉచితం. ముక్కు, రెక్క, తోక, బరువు కొలతలు అవోనెట్‌లో ఉన్నాయి, 2022లో పెట్టారు, 11,009 జాతులు, అదీ ఉచితమే. ఆర్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ నేర్చుకుని కేపర్ ప్యాకేజీతో పీజీఎల్ఎస్ నడుపు, అది చుట్టరికాన్ని లెక్కలోకి తీసుకునే పద్ధతి. చుట్టరికం తీసేశాక కూడా సంబంధం నిలబడితే అప్పుడు మాట్లాడుకుందాం.

గాజువాక_గిరి
నా జుట్టు జోలికి రావద్దని ముందే చెప్పాను రాజూ.

కోడ్_రాజు
నీ పేరు ఎత్తానా?

అప్పికొండ_అప్పారావు
ఆ నలుగురన్నదమ్ములు ఎవరో నాకు తెలుసు.

మధురవాడ_మైకు
పాట గురించి నేను చెప్తా, రంగు సంగతి మీరు చూసుకోండి.

"బాగా పాడటం" అనేది కొలత కాదు. ఎంత ఎత్తు స్వరం, ఎన్ని రకాల ముక్కలు, పాట ఎంత పొడవు, ఎంత వేగం, ఒక్కో పక్షికి ఎన్ని పాటలు, ఇవన్నీ వేరు వేరు. ఒక జాతి ఒకదాంట్లో ముందుంటే ఇంకోదాంట్లో వెనక ఉంటుంది. ముందు ఒకటి ఎంచుకో. స్వరం ఎత్తు తీసుకుంటే కొలవడం సులువే గానీ చెల్లీ, అది ఎక్కువభాగం పిట్ట ఒంటి సైజునే చెప్తుంది, చిన్న పిట్టకి సన్న గొంతు. లికుజిట్టకీ కాకికీ పోలిక పెడితే నువ్వు కొలిచేది బరువే.

అడవిలో ఆకులూ కొమ్మలూ శబ్దాన్ని చెదరగొడతాయి కాబట్టి అక్కడి పాటలు దిగువ స్వరంలో, నెమ్మదిగా ఉంటాయని మోర్టన్ అనే ఆయన పనామాలో తిరిగి 1975లో రాశాడు. చదవడానికి అందంగా ఉంటుంది, పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కింది. 2021లో 5,000కు పైగా జాతుల పాటలు తీసి చూస్తే స్వరం ఎత్తు విషయంలో దానికి మద్దతు దొరకలేదు, ఒంటి సైజు ప్రభావమే గట్టిగా నిలబడింది.

గాజువాక_గిరి
ఐదువేల జాతులు వాళ్ళు అప్పుడే చేసేస్తే ఈ అమ్మాయి చేసేదేటి మరి?

మధురవాడ_మైకు
వాళ్ళు కొలిచింది స్వరం ఎత్తు. పాటలో ఎన్ని రకాల ముక్కలున్నాయన్నది అన్ని జాతులకీ కొలిచినవాళ్ళు నాకు కనబడలేదు. పైగా రంగుతో కలిపి చూడటం ఇంకో పని.

కెమెరా_చిన్నా
రంగుకి నా ఫొటోలు వాడుకోవచ్చు. మేఘాద్రిగెడ్డ, కొండకర్ల, అరకు, అన్నీ ఉన్నాయి. హార్డ్‌డిస్క్ ఇస్తాను, పేరు వేస్తే చాలు.

జువాలజీ_మేడం
మీ ఫొటోలు చాలా బాగుంటాయి చిన్నా గారూ, కానీ దీనికి పనికిరావు. పొద్దుటి ఎండలో తీసిన పాలపిట్టా మబ్బులో తీసిన పాలపిట్టా రెండు రంగుల్లో ఉంటాయి. కెమెరా కంపెనీ మారితే మళ్ళీ తేడా.

కెమెరా_చిన్నా
సాచురేషన్ నేను పెంచను మేడం, ఒట్టు.

కొండకర్ల_బాబాయ్
మొన్న పెట్టిన లకుముకి పిట్ట లైట్ వేసినట్టు వెలిగిపోతోంది, అది ఏటి మరి?

కెమెరా_చిన్నా
అది పిట్టే అలా ఉంటుంది బాబాయ్!

జువాలజీ_మేడం
ఇందులో చిన్నా గారిదే ఒప్పు. లకుముకి నీలంలో నీలం రంగు పదార్థమే లేదు. ఈక లోపలి సన్నని నిర్మాణం నీలం కాంతిని తిప్పి కొడుతుంది. పాలపిట్ట రెక్క నీలమూ అంతే, మూసుకుని తీగ మీద కూర్చుంటే గోధుమ ముద్ద, ఎగిరితే కళ్ళు చెదురుతాయి. పసుపు, ఎరుపులో చాలాభాగం తిండి నుంచి వచ్చే కెరోటినాయిడ్లు, వాటిని పక్షి సొంతంగా తయారుచేసుకోలేదు. నలుపు, గోధుమ మెలనిన్. చిలకలది మళ్ళీ వేరే దారి, వాటి ఎరుపు, పసుపు పదార్థం ఇంకే పక్షిలోనూ ఉండదు. కాబట్టి "రంగు ఎక్కువ" అన్నా కూడా ఏ రంగు అని అడగాలి.

ఇంకో సంగతి, మన కంట్లో రంగుకి మూడు రకాల కణాలుంటే పక్షులకి నాలుగు. అతినీలలోహితం కూడా చూస్తాయి. యూరప్‌లో బ్లూ టిట్ అనే పిట్ట ఉంది, మన కంటికి ఆడా మగా ఒకేలా ఉంటాయి, అతినీలలోహితంలో చూస్తే మగదాని తల ఎక్కువ మెరుస్తుందని 1998లో తేలింది. మామూలు కెమెరాకి అది కనిపించదు.

సీతమ్మధార_పిల్ల
మరి ప్రపంచం మొత్తం రంగులు చూసినవాళ్ళు ఎలా కొలిచారు మేడం? అందరి దగ్గరా అలాంటి కెమెరా ఉండదు కదా.

జువాలజీ_మేడం
రెండు పెద్ద పనులున్నాయి, రెండూ చదువు. 2015లో నేచర్‌లో వచ్చినదానికి పక్షుల పుస్తకాల్లోని బొమ్మల రంగులనే స్కాన్ చేసి సుమారు 6,000 జాతుల ఆడ మగలకి లెక్క కట్టారు. బొమ్మలేంటని మొహం చిట్లించకు, ఒకే పద్ధతిలో వేసినవి కాబట్టి పోలికకి పనికొచ్చాయి. మగవాటి మధ్య పోటీ ఎక్కువైన జాతుల్లో ఆడా మగా తేడా పెరుగుతోందని చూశారు. మగది రంగెక్కడం కన్నా ఆడది రంగు తగ్గడమే అందులో పెద్ద భాగం! పెద్ద ఒళ్ళున్న జాతుల్లోనూ ఉష్ణమండలంలోనూ అయితే ఆడా మగా రెండూ రంగుగా ఉంటున్నాయి.

2022లో వచ్చినదానికి ఇంగ్లండ్‌లో ట్రింగ్ అనే ఊళ్ళో ఉన్న మ్యూజియంలో దాచిన పక్షుల చర్మాలని అతినీలలోహితం కూడా పట్టే కెమెరాతో తీశారు. 4,500కు పైగా జాతులు, అన్నీ కొమ్మ మీద వాలేవే. భూమధ్యరేఖ దగ్గరి జాతులకి దూరంగా ఉన్నవాటికన్నా రంగుల వైవిధ్యం 30 శాతం దాకా ఎక్కువ. వర్షం ఎక్కువుండే దట్టమైన అడవుల్లోవి, పళ్ళూ పూలతేనె తినేవి ముందున్నాయి. నీ మొదటి ప్రశ్నకి జవాబు అది.

అప్పికొండ_అప్పారావు
పళ్ళు తింటే రంగొస్తుందా మేడం? ఈ సీజన్‌లో బంగినపల్లి ఎంత తిన్నానో, అద్దంలో మార్పేం కనబడలేదు.

లంబసింగి_చలి
ఏజెన్సీలో టీచర్‌ని, పైన అంతా చదివాను. ఇంగ్లండ్, పనామా అన్నీ వచ్చాయి, మన కొండల మాట ఒక్కరూ ఎత్తలేదు.

విశాఖలో కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారని ఉండేవారు, తూర్పు కనుమల పక్షుల మీద పనిచేశారు. అబ్బట్స్ బాబ్లర్ అని ఒక గోధుమ పిట్ట ఉంది. దాని అసలు ఇల్లు ఈశాన్య భారతం, అక్కడినుంచి ఆగ్నేయాసియా. మధ్యలో ఎక్కడా లేకుండా మళ్ళీ మన కొండల్లో ఉంది. ఇక్కడిదాన్ని వేరే ఉపజాతిగా రిప్లీ, బీహ్లర్ 1985లో వర్ణించి కృష్ణరాజు గారి పేరే పెట్టారు, క్రిష్ణరాజుయి అని. దట్టమైన పొదల్లో కింద కింద తిరుగుతుంది, చూడటానికి ఏమీ ఉండదు, ఈల మాత్రం వినసొంపుగా ఉంటుంది. దాన్నే పట్టుకుని ఒక అధ్యాయం రాయొచ్చు.

ఇంకొకటి. ట్రెవర్ ప్రైస్ అనే ఆయన, తర్వాత షికాగోలో ప్రొఫెసర్, కుర్రతనంలో ఉమ్మడి విశాఖ జిల్లా అడవుల్లో తిరిగి పనిచేశాడు. చలికాలంలో మన చెట్లలోకి వచ్చే గ్రీనిష్ వార్బ్లర్ మీద 1981లో పేపర్ రాశాడు. బొటనవేలంత పిట్ట, ఆకు రంగు, రెక్క మీద సన్నటి లేత గీత ఒకటి, పైకొమ్మల్లో ఒక్క క్షణం ఆగదు. ఇక్కడ ఉన్నన్నాళ్ళూ ఈ చెట్లు నావి అని కాపలా కాస్తూ చిన్న కూత కూస్తూ ఉంటుంది. అసలు పాట వినాలంటే అది పిల్లల్ని పెట్టే హిమాలయాలకో ఇంకా పైకో పోవాలి.

ఆ పాట కథే అసలు కథ. ఆ జాతి టిబెట్ పీఠభూమి చుట్టూ ఉంగరంలా పరుచుకుని ఉంది. హిమాలయాల్లో పాట పొట్టిగా, సాదాగా ఉంటుంది. పడమటి వైపు నుంచి ఉత్తరానికి పోతుంటే పొడవై మెలికలు పడుతుంది, తూర్పు వైపు నుంచి పోయినా పొడవై మెలికలు పడుతుంది, కానీ వేరే రకంగా. రెండు కొసలూ సైబీరియాలో కలిసేచోట ఒకదాని పాట వినిపిస్తే రెండోది పట్టించుకోదు, జతకట్టవు కూడా. ఇర్విన్, బెంచ్, ప్రైస్ ముగ్గురూ 2001లో రాశారు. చలిదేశాల్లో పాట ఎక్కువా అని నువ్వు అడిగావు చూడు, ఒకే జాతిలో అది కళ్ళకి కట్టినట్టు ఉంది.

సీతమ్మధార_పిల్ల
మేష్టారూ, ఇది నాకు ఒక్క పేపర్లోనూ తగల్లేదు!! మరి ఈ గ్రీనిష్ వార్బ్లర్, దాని చుట్టాలు, ఈ ఆకుపిట్టల్లో రంగు సంగతి?

లంబసింగి_చలి
దానికీ పని జరిగింది. మార్చెట్టి అనే ఆవిడ కాశ్మీర్‌లో ఈ ఆకుపిట్టల మీదే చేసి 1993లో నేచర్‌లో వేసింది. చీకటి ఎక్కువుండే చోట బతికే జాతులకి రెక్కగీతలు, తల గీతలు ఎక్కువ, వెలుతురులో ఉండేవి సాదా. ఊరుకోకుండా ఒక జాతిలో మగవాటి రెక్కగీతల మీద రంగు వేసి చూసింది, గీత పెద్దది చేస్తే దానికి పెద్ద హద్దు దక్కింది, చిన్నది చేస్తే చిన్నది. రంగు అందం కోసమే కాదు, చీకట్లో "ఇక్కడున్నాను" అని చెప్పుకోడానికి కూడా.

గాజువాక_గిరి
ఇది బాగుంది. కానీ ఉష్ణమండలంలో తడి అడవుల్లో పక్షులు నల్లబడతాయని గ్లోగర్ సూత్రం అని ఎక్కడో చదివాను, 1833 నాటిది. పైన మేడం తడి అడవుల్లో రంగులెక్కువ అన్నారు. ఏది నిజం?

జువాలజీ_మేడం
రెండూ ఉండొచ్చు. గ్లోగర్ చెప్పింది ముదురు లేత గురించి, 2022 పేపర్ చెప్పింది ఒక పక్షి ఒంటి మీద ఎన్ని వేరువేరు రంగులు అని. ముదురుగా ఉంటూనే పది రంగులుండొచ్చు. అందుకే ఏం కొలుస్తున్నావో ముందు తేల్చుకోమని పొద్దున్నుంచి మొత్తుకుంటున్నాం.

కెమెరా_చిన్నా
సరే ఫొటోలు వద్దన్నారు, పాటకైనా సాయం చేస్తాను. పొన్నంగి కూత రికార్డ్ చేయాలంటే మీరెవరూ తిరగక్కర్లేదు, బ్లూటూత్ స్పీకర్‌లో దాని కూతే పెడితే రెండు నిమిషాల్లో ఎదురుగా వచ్చి వాలుతుంది. నేను అలానే తీశాను.

కొండకర్ల_బాబాయ్
గూడు పెట్టే రోజుల్లో ఆ పని చేస్తావా? నీ స్పీకర్ విని ఇంకోటి వచ్చిందనుకుని గూడు వదిలి యుద్ధానికి వస్తుంది. వచ్చి చూస్తే ఎవడూ ఉండడు. వారాంతంలో ఇరవై మంది అదే చేస్తే అది పిల్లలకి తిండి ఎప్పుడు పెడుతుంది? పైగా అది అభయారణ్యం. నీకు లైకులు, దానికి ఆకలి.

కెమెరా_చిన్నా
సైంటిస్టులు మాత్రం ప్లేబ్యాక్ చేయొచ్చు, మేము చేస్తే పాపం. పైన సైబీరియాలో పాట వినిపించి చూశారని మేష్టారే రాశారు.

లంబసింగి_చలి
అనుమతి తీసుకుని, ఎన్నిసార్లు ఎంతసేపు అని ముందే రాసుకుని చేస్తారు. పక్షి జవాబు ఇచ్చిందా లేదా అన్నదే అక్కడ ప్రశ్న. నీకు జవాబు ముందే తెలుసు కదా చిన్నా.

మధురవాడ_మైకు
ప్లేబ్యాక్‌కి జవాబుగా పాడింది నీ ప్రాజెక్టుకి వాడకు చెల్లీ, కోపంలో పాడే పాట మామూలు పాట ఒకటి కాదు. జెనో-కాంటోలో రికార్డింగ్ పక్కన "ప్లేబ్యాక్ వాడారా" అని గడి ఉంటుంది, చూసి ఏరెయ్.

రికార్డింగ్‌కి మన ఊళ్ళో గొడవ ఏంటంటే మోత. ట్రాఫిక్ మోత ఎక్కువభాగం 2 కిలోహెర్ట్జ్ లోపు ఉంటుంది, జెముడుకాకి హూప్ హూప్ సరిగ్గా అందులోనే మునిగిపోతుంది. బీచ్ రోడ్డు వైపు అలలు, పైనుంచి నేవీ విమానాలు. హాలండ్‌లో లైడెన్ నగరంలో గ్రేట్ టిట్ అనే పిట్టలు మోత ఎక్కువున్న చోట్ల పాటలో దిగువ స్వరాలు మానేసి పైకి ఎత్తి పాడుతున్నాయని 2003లోనే చూపించారు. అంటే హైవే పక్కన తీసిన రికార్డింగులతో "ఉష్ణమండల పక్షుల స్వరం" అని లెక్క కడితే నువ్వు హైవేని కొలిచినట్టు. తెల్లవారక ముందు పో, గాలి ఉండదు, బళ్ళు ఉండవు. గేటు తెరిచేదాకా ఆగితే అసలు కచేరీ అయిపోతుంది, అడవి శాఖ వాళ్ళకి కాలేజీ లెటర్ పెట్టి ముందే అడుగు.

గాజువాక_గిరి
ఎన్ని చెప్పినా ఒక ఊళ్ళో నాలుగు రికార్డింగులు ప్రపంచ లెక్కని ఏం మారుస్తాయి? ప్రాక్టికల్‌గా చెప్పండి.

కోడ్_రాజు
ప్రపంచ లెక్కలో ఒక్కో జాతికి ఒక్కో అంకె. లండన్ పక్షికి ఆ అంకె వందల రికార్డింగుల సగటు, మన కొండ పక్షికి రెండో మూడో. ఆ రెండూ ఒక్కడే ఒకే పొద్దున తీసి ఉంటే ఆ పిట్టకి ఇంకో పాట రాదని రాసేసినట్టే. ఉష్ణమండల పక్షులకి పాటలు తక్కువ అని గ్రాఫ్ వస్తే అది పక్షుల తక్కువా, మైకుల తక్కువా? గిరి, నాలుగు రికార్డింగులు పది చేస్తే లండన్ అంకె కదలదు, మనది కదులుతుంది.

జువాలజీ_మేడం
ఆడపక్షులదీ ఇదే కథ. డార్విన్ చుట్టూ ఉన్నవి ఇంగ్లండ్ పక్షులు, అక్కడ ఎక్కువగా మగదే పాడుతుంది, ఆడది బూడిద రంగులో కూర్చుంటుంది. అదే ప్రపంచ నియమం అనుకున్నారు. 2014లో పాటపిట్టలని వెతికితే సమాచారం దొరికిన జాతుల్లో 71 శాతంలో ఆడది కూడా పాడుతోంది, వాటి ఉమ్మడి పూర్వీకుల్లోనూ ఆడది పాడి ఉంటుందని తేలింది. రికార్డింగుల్లో మాత్రం ఆడా మగా అని రాసేవాళ్ళు తక్కువ, రాయకపోతే మగదే అనుకుంటారు. నువ్వు తీసే ప్రతిదాంట్లో ఎవరు పాడారో కనిపిస్తే రాయి.

అప్పికొండ_అప్పారావు
మా ఇంట్లో 100 శాతం.

సీతమ్మధార_పిల్ల
ఇప్పుడు నాకు తోచింది చెప్తాను, కొట్టకండి. ప్రపంచమంతా, అన్ని పక్షులూ అని కాకుండా ఒక కుటుంబం తీసుకుంటాను. పెద్ద నల్లంచి, నల్లంచి, షామా ఉన్న మస్కికాపిడే కుటుంబం. యూరప్ నైటింగేల్ కూడా అందులోదే, గోధుమ రంగు, పాటకి లోకమంతా పేరు. కంబాలకొండలో ఉండే టికెల్స్ బ్లూ ఫ్లైక్యాచర్ కూడా అందులోదే, నీలం వీపు, నారింజ గుండె, పాట కూడా తీయగా ఉంటుంది. అందరూ నేర్చుకునేవాళ్ళే, అందరూ చుట్టాలే, చలిదేశాల్లోనూ ఉన్నాయి, మన దగ్గరా ఉన్నాయి. పాటకి ఎన్ని రకాల ముక్కలు అనే ఒక్క కొలత. రంగుకి పుస్తకాల బొమ్మలు. బరువు అవోనెట్ నుంచి తీసుకుని లెక్కలోంచి తీసేస్తాను. సరిపోతుందా?

కోడ్_రాజు
300కు పైగా జాతులు, చాలు. ముక్కు కొలతలు, అడవిదా మైదానందా అన్నది కూడా లెక్కలో పెట్టు.

గాజువాక_గిరి
ఆ కుటుంబం అమెరికాలో దాదాపు లేదు కదా. "గ్లోబల్" అని టైటిల్‌లో పెట్టి సగం గ్లోబు వదిలేస్తే వైవాలో పట్టుకుంటారు.

జువాలజీ_మేడం
అమెరికా వైపు టానాజర్లు అనే పాటపిట్టల మీద ఇదే ప్రశ్న 2014లో అడిగేశారు. రంగుకీ పాటకీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడం కనబడలేదు, రెండూ వేటి దారిన అవి మారాయి. ఇప్పుడు పాత ప్రపంచంలో ఒక కుటుంబం తీసుకుని అదే వస్తుందా అని చూస్తే అది ఎమ్మెస్సీకి ఎక్కువే. టైటిల్‌లో గ్లోబల్ తీసేయ్.

సీతమ్మధార_పిల్ల
గైడ్ గారు గ్లోబలే కావాలంటారు మేడం.

జువాలజీ_మేడం
టానాజర్ల ఫలితం పక్కన పెట్టి పోల్చు, రెండు ఖండాలూ వచ్చాయని చెప్పు. ఊరుకుంటారు.

లంబసింగి_చలి
నాకు మాత్రం ఆకుపిట్టలే నచ్చాయి. సుమారు 80 జాతులు, దాదాపు అన్నీ పచ్చగానే ఉంటాయి, పాటలు మాత్రం ఒకదానికొకటి పొంతన ఉండవు. రంగు మారకుండా పాట ఎంత దూరం పోగలదో చూడొచ్చు.

కొండకర్ల_బాబాయ్
మేష్టారూ, అవి ఇక్కడ పాడవు కదా. పిల్ల సైబీరియా పోవాలా? నల్లంచి అయితే ఆళ్ళ మేడ మీదే కూర్చుని పాడుతుంది.

లంబసింగి_చలి
అదీ నిజమేలెండి. కానీ పీహెచ్‌డీకి గుర్తుపెట్టుకో అమ్మా.

సీతమ్మధార_పిల్ల
నల్లంచి ఖాయం. ఆదివారం తెల్లవారుజామున మొదలుపెడతాను. నా దగ్గర ఫోన్ మాత్రమే ఉంది, మైక్ కొనేంత డబ్బుల్లేవు, సరిపోతుందా?

మధురవాడ_మైకు
మొదలుపెట్టడానికి సరిపోతుంది. వేవ్ ఫార్మాట్‌లో రికార్డ్ చేసే యాప్ వేసుకో, ఎంపీ3 వద్దు. నాయిస్ తగ్గించే ఆప్షన్ ఏదున్నా ఆపెయ్, అది మోతతో పాటు పిట్టని కూడా కొంత తినేస్తుంది. పిట్ట పాడటం మొదలుపెట్టాక కదలకు, ఒక్కో పిట్ట దగ్గర వీలైనంతసేపు ఉండు, రెండు పాటలు విని వెళ్ళిపోతే రాజు చెప్పిన గొడవే మళ్ళీ. చివర్లో నీ గొంతుతో జాతి, చోటు, టైము, ఎంత దూరంలో ఉంది, ఆడదా మగదా చెప్పి ఆపు. పాట విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ ఏదో పేరు చూపించిందని అదే రాయకు, కళ్ళతో చూసిందే రాయి, లేదా తెలియదని రాయి.

ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం మర్చిపోకు. మంచి పాట మధ్యలో వాట్సాప్ టింగ్‌మని వస్తే దాన్ని ఏ కుటుంబంలో పెట్టాలో రాజుకి కూడా తెలీదు.